గండికోటలో ఒక పగలు

భూమిపై సంచరించి, మనకన్నా ముందు గతించినవారి పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్ఆన్ ఎన్నో చోట్ల ఉద్బోధిస్తుంది. నడవడం, చూడడం, చూసినదాని గురించి ఆలోచించడం ఈ మూడూ ఆ ఉద్బోధలో ఉన్నాయి. మన కుటుంబాలలో మొదటిదానికి లోటు లేదు. సెలవులు రాగానే ఊళ్లు తిరుగుతాం, సెల్‌ఫోను నిండా ఫొటోలు నింపుకుంటాం. కానీ చూసిన రాయి మనకేం చెప్పిందని ఇంటికి వచ్చాక పిల్లలను అడిగేవారు అరుదు. పెద్దలు ‘ఇబ్రత్’ అని పిలిచే గుణపాఠం అక్కడే జారిపోతుంది.

గండికోట చూడడానికి దూరప్రాంతాలవారు ముద్దనూరు స్టేషనులో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా వెళుతుంటారు. మా మదరసాలో పెద్ద తరగతి పిల్లలు ఇరవై రెండు మంది ఉంటే, ఇంత దగ్గరలో ఉన్న ఆ కోటను చూసినవారు ముగ్గురే. ఈ చలికాలంలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకుని, అన్నం మూటలు కట్టుకుని, వారందరినీ తీసుకుని బయలుదేరాం. కోట వద్ద ఒక స్థానిక గైడును మాట్లాడుకున్నాం. నలభై ఏళ్లు దాటిన మనిషి, హిందూ సోదరుడు. చేతిలో కాగితం లేకుండా కోటను రాయి రాయిగా చెప్పగలడు.

ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నానది పారే చోటును గండి అన్నారు; దాని అంచున కట్టినది గనుక ఇది గండికోట. ఒకవైపు నిట్టనిలువు లోయ, మిగిలిన వైపుల ఎర్రరాతి గోడ. గోడ చుట్టుకొలత సుమారు 8 కిలోమీటర్లు. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి పాలించారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా పక్షాన మీర్ జుమ్లా దీనిని జయించాడు. ఆ తర్వాత కడప నవాబులు, మైసూరు పాలకులు వచ్చారు. 1800లో దత్తమండలాలతో పాటు ఆంగ్లేయుల చేతికి చేరింది. ఇంతమంది ఏలిన నేలమీద ఇప్పుడు ఒక చిన్న పల్లె ఉంది. కోట లోపల మేకలు మేస్తున్నాయి.

చార్మినార్ అని పిలిచే చిన్న బురుజును, జైలును, మాధవరాయస్వామి ఆలయ గోపురాన్ని చూసుకుంటూ జామియా మసీదుకు చేరాం. రెండు మీనార్లు, వరుస కమానులు, విశాలమైన ప్రాంగణం. పక్కనే ధాన్యాగారం, ఆ సమీపంలోనే రంగనాథస్వామి ఆలయం. మసీదు లోపల గోడలోని మిహ్రాబును చూపిస్తూ “ఇది ముల్లాగారు నిలబడే గూడు” అన్నాడు గైడు. మా పిల్లవాడొకడు మెల్లగా ముందుకు వచ్చి, “అన్నా, అది నిలబడే చోటు మాత్రమే కాదు. కాబా ఏ దిక్కున ఉందో చూపించే గుర్తు. ఏ దేశంలో ఉన్నా అందరం అటే తిరుగుతాం” అన్నాడు. గైడు ముఖం వికసించింది. “ఇన్నేండ్లుగా చెప్తాండా, ఈ మాట ఎవరూ చెప్పలేదు నాయనా. ఇంక మీదట ఇట్లే చెప్తా” అన్నాడు.

ఆ ప్రాంగణంలో పిల్లలను కూర్చోబెట్టి మీర్ జుమ్లా కథ మొదలుపెట్టాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ప్రాంతంలో ఒక నూనె వర్తకుని ఇంట పుట్టాడు. గోల్కొండ వచ్చి వజ్రాల వ్యాపారంలో పెరిగి, సుల్తానుకు వజీరయ్యాడు. అతని ఓడలు బర్మాలోని పెగూ రేవుకు, సుమత్రాలోని ఆచేకు వెళ్లేవి. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియె 1652లో ఈ కోటలోనే అతన్ని కలిశాడు. పిల్లల కళ్లలో గర్వం కనిపించింది. ఒకడు “మనవాడు!” అని పక్కవాని భుజం తట్టాడు.

గైడు అక్కడ ఆగి, నావైపు చూసి గొంతు తగ్గించాడు. “ఇంకొక సంగతి ఉంది సామీ. పిల్లోళ్లు బాధపడతారేమోనని సాయిబుల పిల్లోళ్లకు నేను చెప్పను.” 

“చెప్పండి బాబూ. సగం చరిత్ర వినడానికి ఇంతదూరం రాలేదు” అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాలలోని రాగి విగ్రహాలను తెప్పించాడనీ, ఆ పని ఒక ఫ్రెంచి పనివానికి అప్పగించాడనీ టావెర్నియె తన యాత్రాగ్రంథంలో రాశాడు. గండికోట ఆలయపు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని కూడా అతడే రాశాడు.

ప్రాంగణంలో నిశ్శబ్దం అలుముకుంది. భుజం తట్టిన పిల్లవాడే అడిగాడు: “హజ్రత్, ఆయన ముసల్మానే కదా. ఆయన చేసింది తప్పని మనం అనవచ్చా?”

గురువుగా నా ముప్పై ఏళ్లలో ఇంత విలువైన ప్రశ్న కొద్దిసార్లే విన్నాను. వానికి నేను చెప్పినది ఇక్కడ పాఠకులకూ చెబుతున్నాను. న్యాయం చెప్పవలసి వస్తే అది మన మీద, మన తల్లిదండ్రుల మీద, మన బంధువుల మీద పడినా సరే చెప్పి తీరాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని కూడా అదే గ్రంథం ఆజ్ఞాపించింది. నోటితో దూషించడమే తగదన్నప్పుడు వాటిని కొలిమిలో వేయడం ఎలా తగుతుంది? జెరూసలేం వశమైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి పెద్ద చర్చిలో నమాజు చేయడానికి నిరాకరించారని చరిత్రకారులు రాశారు. తాను అక్కడ నమాజు చేస్తే, రేపు ముస్లిములు దానినే సాకుగా చూపి చర్చిని తీసుకుంటారేమోనని ఆయన సందేహించారు. ముస్లిం పాలకుడు ఎలా ఉండాలో చూడాలంటే కొలమానం అది. మీర్ జుమ్లాను ఆ కొలమానంతో తూచాలి గాని, అతని పేరుతో కొలమానాన్ని మార్చకూడదు.

మిగిలిన కథ విన్నాక పిల్లలకు విషయం మరింత తేటపడింది. ఏ సుల్తాను కోసం ఈ కోట గెలిచాడో ఆ సుల్తానుతోనే మీర్ జుమ్లాకు వైరం వచ్చింది. 1656 నాటికి ఆయనను విడిచి మొగలుల కొలువులో చేరాడు. సుల్తానూ ముస్లిమే, మొగలులూ ముస్లిములే. అతనికి కావలసింది రాగి, ఫిరంగి, పదవి. చివరకు బెంగాల్ సుబేదారై, అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ 1663లో దారిలోనే కన్నుమూశాడు. ఓడలూ వజ్రాలూ అతని వెంట వెళ్లలేదు.

ఆ మసీదులో నిత్య జమాఅత్ లేదు. అది ప్రభుత్వ సంరక్షణలోని కట్టడం. జుహర్ వేళకు మేము బయటకు వచ్చి, వెంట తెచ్చుకున్న నీళ్లతో వుజూ చేసి, చెట్టునీడలో సఫ్ కట్టాం. ఒక పిల్లవాడు మసీదు వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. భూమి మొత్తాన్ని ఈ ఉమ్మత్‌కు సజ్దా చేసే చోటుగా చేశారని దైవప్రవక్త (స) తెలిపిన సంగతి వానికి గుర్తుచేశాను. గోడ నిలిచినంత మాత్రాన మసీదు బతికినట్లు కాదు, సఫ్ నిలవాలి. మన వీధి మసీదులో ఫజ్ర్ వేళ ఎన్ని సఫ్‌లు నిలుస్తున్నాయో లెక్కపెట్టుకుంటే ఏ మసీదు కోసం కన్నీరు పెట్టాలో తెలుస్తుంది.

సాయంత్రం లోయ అంచున నిలబడ్డాం. చాలా లోతున పెన్నానీళ్లు కదలనట్లు కనిపించాయి. ఆ రాతిని అంత లోతుకు కోసింది ఆ నీళ్లే. సహనం అంటే ఏమిటో వేరే పాఠం చెప్పవలసిన పని లేకపోయింది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. దూరదేశాలకు పోలేకపోయినా, మీ జిల్లాలోని కోటకు పిల్లలను తీసుకువెళ్లండి. స్థానిక గైడుకు న్యాయమైన రుసుము ఇవ్వండి. మన మొహమాటం కోసం ఏదీ దాచవద్దని ముందే చెప్పండి. మనవారి మంచి విన్నప్పుడు అల్హందులిల్లాహ్ అనడం నేర్పినట్లే, మనవారి తప్పు విన్నప్పుడు తల దించుకుని ఒప్పుకోవడం కూడా నేర్పండి. పొరుగువారితో నిజాయితీగా బతకడానికి ఆ రెండూ కావాలి.

మేము తిరిగి వచ్చిన మరునాడే మదరసాలోని ఆడపిల్లలు “మమ్మల్ని ఎప్పుడు తీసుకుపోతారు?” అని నిలదీశారు. వారి తల్లులతో మాట్లాడాం. ఇన్షా అల్లాహ్, ఎండలు ముదరకముందే వారంతా వెళతారు. ఆ గైడుకే కబురు పంపాం. ఈసారి ఏదీ అడిగించుకోకుండా మొత్తం కథ చెబుతానని ఆయన మాట ఇచ్చాడు.