కష్టమైన రోజుతో మొదలుపెట్టిన టైమ్‌టేబుల్

మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారని తెలిసినప్పటి నుంచి గ్రూప్‌లో అందరూ అడిగేది ఒకటే: "రోజుకి ఎన్ని గంటలు కూర్చోబెడతావ్?" ఇండియా నుంచి ఫోన్ చేసే మా వాళ్లది ఇంకో ప్రశ్న: "నైట్ డ్యూటీలు చేస్తూ నువ్వెప్పుడు చెప్తావే చదువు?" ఈ రెండోదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్తే మొదటిదానికి కూడా వచ్చేస్తుంది. అందుకే మా ఇంట్లో టైమ్‌టేబుల్ ఎలా వేసుకుంటామో రాస్తున్నాను. షిఫ్టుల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకి కాస్త ఎక్కువ పనికొస్తుందనుకుంటా.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, చాలామందికి భయం అక్కడే. ఒంటారియోలో 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా చదువు తప్పనిసరి. కానీ ఇంట్లోనో, ఇంకెక్కడో పిల్లలకి సరైన చదువు అందుతుంటే బడికి రానక్కర్లేదని ఎడ్యుకేషన్ యాక్ట్ 21వ సెక్షన్‌లోనే ఉంది. విద్యాశాఖ 2002లో ఇచ్చిన 131వ నంబరు మెమోరాండం ప్రకారం ఏటా సెప్టెంబర్ 1 లోపు స్కూల్ బోర్డుకి ఒక ఉత్తరం ఇస్తాం. మాది మిల్టన్ కాబట్టి హాల్టన్ బోర్డుకి ఇస్తాం. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రస్, ఫోన్ నంబరు, మన సంతకం, అంతే. రోజుకి ఇన్ని గంటలు చెప్పాలనీ, ఫలానా పుస్తకమే చెప్పాలనీ అందులో లేదు. బోర్డుకి గట్టి అనుమానం వస్తే తప్ప మామూలుగా ఎవరూ ఇంటికొచ్చి అడగరు. అంటే టైమ్‌టేబుల్ బాధ్యత పూర్తిగా మనదే. స్వేచ్ఛ అనుకుంటే స్వేచ్ఛ, బరువు అనుకుంటే బరువు.

మేం ఈ దారిలోకి వచ్చింది చిన్నోడి చదవడం కోసం. వాడికిప్పుడు 8 ఏళ్లు. రెండో గ్రేడ్ అయిపోయే సరికి కూడా చిన్న చిన్న వాక్యాలు చదవలేకపోయేవాడు. బొమ్మ చూసి ఊహించి చెప్పేవాడు. అసెస్‌మెంట్‌కి వెయిటింగ్ లిస్ట్ అన్నారు, అన్నీ అవే సర్దుకుంటాయన్నారు. 2022లో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 'రైట్ టు రీడ్' అనే పెద్ద రిపోర్ట్ ఇచ్చింది. చదవడం చాలామందికి దానంతటదే రాదు, అక్షరాలకీ శబ్దాలకీ ఉన్న సంబంధాన్ని ఒక వరసలో నేర్పాలని అందులో గట్టిగా చెప్పారు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త లాంగ్వేజ్ పాఠ్యప్రణాళిక కూడా ఆ దారిలోనే ఉంది. కానీ వాడికి కావాల్సింది ఆ ఏడాదే, ప్రతిరోజూ, కొంచెం కొంచెంగా. అది మేమే ఇవ్వాలనుకున్నాం. తమ్ముడు ఇంట్లో ఉంటే నేనెందుకు వెళ్లాలని 11 ఏళ్ల పెద్దది కూడా చేరింది.

ఇక టైమ్‌టేబుల్. నా షిఫ్టులు రెండు డే, రెండు నైట్, ఐదు ఆఫ్. మొత్తం 9 రోజుల చక్రం. బడిది 7 రోజుల వారం. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. ఈ వారం సోమవారం నేను ఇంట్లో ఉంటే, వచ్చే సోమవారం వార్డులో ఉంటాను. "సోమవారం సైన్స్, మంగళవారం హిస్టరీ" అని గోడ మీద కాగితం అంటిస్తే, ఆ రోజు డ్యూటీ పడిన సబ్జెక్టు మూలన పడుతుంది. అందుకే మా కాగితం మీద వారాల పేర్లు లేవు. నాలుగు రకాల రోజులున్నాయి: డే రోజు, నైట్ రోజు, నిద్ర రోజు, ఆఫ్ రోజు.

వీటిలో మేం ముందు రాసుకున్నది అన్నిటికంటే కష్టమైన రోజు, అంటే రెండు నైట్‌ల మధ్య రోజు. పొద్దున 8కి ఇంటికొస్తాను, మధ్యాహ్నం 3 దాకా నిద్ర, సాయంత్రం 6 దాటాక మళ్లీ బయల్దేరాలి. ఆ రోజు కూడా తప్పకుండా జరిగేవి ఏంటి? లెక్కలు, చిన్నోడి చదవడం, తెలుగు. ఈ మూడూ ఆ రోజుకి సరిపడేంత చిన్నగా ఉండాలి. చిన్నోడికి లెక్కలు 20 నిమిషాలు, చదవడం 15 నిమిషాల చొప్పున రెండుసార్లు. పెద్దదానికి లెక్కలు 40 నిమిషాలు, సొంతంగా చదువుకోవడం అరగంట. తెలుగు ఇద్దరికీ కలిపి 20 నిమిషాలు. అంతే. చిన్న పిల్లలకి పాఠం 20 నిమిషాలు దాటకూడదని వందేళ్ల పైబడి క్రితమే ఇంగ్లండ్‌లో షార్లెట్ మేసన్ అనే ఆవిడ చెప్పింది. నాకైతే వార్డులో మందులిచ్చే పద్ధతి గుర్తొస్తుంది. ఒకేసారి పెద్ద మోతాదు కంటే, వేళకి చిన్న మోతాదు తప్పకుండా పడటమే ముఖ్యం.

బడులకి రోజుకి 5 గంటల బోధన ఉండాలని ఒంటారియో రూలు. అది పాతిక మంది ఉన్న గదికి వేసిన లెక్క. వరసలో నిలబడటం, పుస్తకాలు పంచడం, అందరూ పూర్తి చేసే దాకా ఆగడం, అన్నీ అందులోనే. పక్కన కూర్చుని ఇద్దరికి చెప్తే అంత టైమ్ పట్టదు.

మరి సైన్స్, హిస్టరీ, జాగ్రఫీ, ఫ్రెంచ్, బొమ్మలు? వీటికి వంతులు పెట్టాం. ఊళ్లో కాలవ నీళ్లకి పొలాల వంతులు ఉండేవి కదా, అలాగే. ఐదింటినీ ఒక వరసలో రాసి ఫ్రిజ్ మీద పెట్టాం. ఆఫ్ రోజున వంతు ఎవరిదో ఆ సబ్జెక్టు తీస్తాం. ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెడతాం. మధ్యలో నాలుగు రోజులు డ్యూటీ వచ్చినా, జ్వరం వచ్చినా, వంతు అక్కడే ఉంటుంది. "ఈ వారం ఫ్రెంచ్ మిస్సయింది" అనే మాటే రాదు.

9 రోజుల్లో నాకు నిజంగా పూర్తిగా దొరికేవి 4 రోజులు. రెండో నైట్ నుంచి వచ్చిన రోజు కాగితం మీద ఆఫే, కానీ సగం నిద్రకే పోతుంది. ఆ రోజు నేను కారు నడపను, కొత్త పాఠం మొదలుపెట్టను. పిల్లలు లైబ్రరీ నుంచి తెచ్చిన ఆడియో పుస్తకాలు వింటారు. మొదటి నైట్ రోజు పొద్దున పూట మాత్రం మామూలుగానే చదివించి, మధ్యాహ్నం పడుకుంటాను.

డే రోజులు మా అత్తయ్యవి. సూపర్ వీసా మీద వచ్చి మాతో ఉంటున్నారు. తెనాలి మనిషి, చదివింది ఏడో తరగతి. "ఇంగ్లీషు చదువు నేనేం చెప్తానమ్మా" అన్నారు మొదట్లో. ఇంగ్లీషు వద్దు అత్తయ్యా, మీకొచ్చిందే చెప్పండి అన్నాను. ఇప్పుడు ఆ రోజుల్లో ఎక్కాలు, గుణింతాలు, వంట. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని బియ్యం కొలిపించారు. గిద్ద మానికలో ఎన్నో వంతు అని పెద్దదాన్ని అడిగితే, పదహారో వంతని కాగితం లేకుండా చెప్పింది. భిన్నాల పాఠం అయిపోయింది. మా వారు సాయంత్రం వచ్చి చిన్నోడి రెండో 15 నిమిషాలు చూసుకుంటారు.

తెలుగు టైమ్ మాత్రం గడియారానికి కట్టాం, ఎందుకంటే అవతల మా అమ్మ ఉంది. పొద్దున 8.30కి ఏలూరు కాల్. అప్పుడక్కడ సాయంత్రం 6. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి తిప్పాక 7 అవుతుంది. అమ్మకి అది దీపం పెట్టి కూర్చునే వేళే కాబట్టి ఇబ్బంది లేదు. వియ్యపురాళ్లిద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నాకే పాఠం మొదలవుతుంది, అది వేరే సంగతి. తర్వాత చిన్నోడు అమ్మమ్మకి వాచకం చదివి వినిపిస్తాడు.

ఇక్కడే నేను అనుకోనిది జరిగింది. వాడు ముందుగా ధైర్యంగా చదివింది తెలుగు. అక్షరాలు ఎక్కువే, ఒత్తులు కష్టమే, కానీ రాసింది రాసినట్టే పలుకుతుంది. ఇంగ్లీషులో దో, త్రూ, టఫ్ అనే మూడు మాటలకీ చివర అవే నాలుగు అక్షరాలు, మూడు రకాల శబ్దాలు. వాడు తికమకపడటంలో వింతేముంది? "అమ్మమ్మకి చదివాను కదా, నాకు చదవడం వచ్చు" అన్న ధీమాతోనే ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నాడు. ఇప్పటికీ వయసుకి తగ్గ వేగం లేదు. కానీ బొమ్మ చూసి ఊహించడం మానేశాడు. మాటని విడదీసి చదువుతున్నాడు.

ఆఫ్ రోజుల్లో ఒకటి బయటికి పోతుంది. మిల్టన్‌లో ఉన్నవాళ్లం అదృష్టవంతులం. మెయిన్ స్ట్రీట్ లైబ్రరీ ఉంది, నయాగరా ఎస్కార్ప్‌మెంట్ కొండలు పక్కనే ఉన్నాయి. మాకు ఒక ఏడాది పాఠం ఇచ్చింది మాత్రం క్రాఫర్డ్ లేక్. చూడటానికి చిన్న చెరువంత, లోతు మాత్రం సుమారు 24 మీటర్లు. అడుగు నీళ్లు పై నీళ్లతో కలవవు. అందుకని ఏ ఏడాది మట్టి ఆ ఏడాది పొరగా చెదరకుండా నిలిచిపోతుంది. ఆ మట్టిలో మొక్కజొన్న పుప్పొడి కనబడింది. చుట్టుపక్కల ఎవరో సేద్యం చేశారన్న మాట! ఆ జాడ పట్టుకుని 1970ల్లో తవ్వితే, వందల ఏళ్ల నాటి స్థానిక ప్రజల ఊరు బయటపడింది. వాళ్ల పొడవాటి ఇళ్లని అక్కడే మళ్లీ కట్టి పెట్టారు. మనిషి భూమిని మార్చేసిన కొత్త యుగానికి గుర్తుగా ఈ చెరువుని పెట్టాలని 2023లో ఒక శాస్త్రవేత్తల బృందం ప్రతిపాదించింది, 2024లో ఓటింగ్‌లో అది వీగిపోయింది. "సైంటిస్టులు కూడా ఓట్లేస్తారా?" అని పెద్దది అడిగిన ప్రశ్న మీద రెండు వంతులు గడిచాయి. సైన్స్, హిస్టరీ, జాగ్రఫీ మూడూ ఒక్క చెరువులో.

చలికాలం కాగితం వేరు. డిసెంబర్‌లో 5 కాకముందే చీకటి పడుతుంది కాబట్టి, వెలుతురున్న 12 నుంచి 2 దాకా బయట ఆట, చదువు దానికి అటూ ఇటూ. స్నేహితుల సంగతి అందరూ అడుగుతారు. 3.30 దాటితే మా వీధి నిండా బడి పిల్లలే. అప్పుడు మా ఇంట్లో ఏ పాఠమూ పెట్టం, అది కూడా టైమ్‌టేబుల్‌లో రాసే ఉంది.

రోజూ రాత్రి ఒక నోట్‌బుక్‌లో ఒక్క వరస రాస్తాం: ఆ రోజు నిజంగా ఏం జరిగిందో అది. చట్టం అడగదు. కానీ ఎప్పుడైనా బోర్డు అడిగితే, పిల్లలు మళ్లీ బడికి వెళ్తే, చూపించడానికి ఉంటుంది. ఒంటారియో పాఠ్యప్రణాళిక అంతా నెట్‌లో ఉచితంగానే ఉంది. మూడు నెలలకోసారి దాంతో పోల్చి చూసుకుంటాం.

పెద్దది మూడేళ్లలో తొమ్మిదో గ్రేడ్. హైస్కూల్ డిప్లొమాకి 30 క్రెడిట్లు కావాలి. ఇంటి నుంచే టీవీఓ వాళ్ల ఇండిపెండెంట్ లెర్నింగ్ సెంటర్ ద్వారా చేయొచ్చు, బడికీ వెళ్లొచ్చు. ఏది కావాలో దాన్నే చెప్పమన్నాం. ఇంకా చెప్పలేదు.

ఇంతకీ ఎన్ని గంటలంటే, కష్టమైన రోజున చిన్నోడికి గంటా పది నిమిషాలు, పెద్దదానికి గంటన్నర. ఆఫ్ రోజున మూడు గంటలు. అందరూ ఇంట్లో చదివించాలని నేననను. బడికి వెళ్లే పిల్లలకి తెలుగు నేర్పాలన్నా, లెక్కలు చూడాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది. మీ ఇంట్లో అన్నిటికంటే ఒత్తిడిగా ఉండే రోజు ఏదో చూడండి. ఆ రోజు ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అన్నే ముందు రాయండి. మీ షిఫ్టు నాలాంటిది కాకపోతే, మీరెలా సర్దుకుంటున్నారో వచ్చే సంచికకి రాసి పంపండి. నైట్‌లు మాత్రమే చేసే వాళ్లు రాస్తే నాకూ ఉపయోగం.