వరికొయ్యల నిప్పు

ఫాల్గుణ పూర్ణిమనాడు వీధి మొగలో కాముని దహనము చేసి, మఱునాడు రంగులు చల్లుకొన్న తరువాత మా సిరిసిల్ల ప్రాంతమున గాలి మారును. అంతవఱకు ఉదయమున చల్లగా మెడకు తగిలిన గాలి, పది గంటలు దాటునప్పటికి పొయ్యిముందు కూర్చున్నట్లు ముఖమునకు తగులును. మానేటి ఇసుక కాలును. మోదుగులు పూయును, ఇప్పలు రాలును. మధ్యాహ్నము రెండు మూడు గంటల వేళ వాయవ్యమునుండి వీచు గాలిలో తేమ పేరునకైన నుండదు. బడి వరండాలో ఆరవేసిన తడి తువ్వాల గంట తిరుగకుండ తడికవలె బిగుసుకొనును.

మా తాత ఈ కాలమును నెలలతో గాక కార్తెలతో లెక్కించెడివాడు. ఏప్రిల్ చివర భరణి కార్తె వచ్చును. భరణికి యముడు అధిదేవత. దాని వెనుకది కృత్తిక. దానికి అగ్ని. నక్షత్రముల పేర్లు చెప్పునపుడు ఈ వరుస చూపి పిల్లలను నవ్వించుట నాకలవాటు. 2024 తరువాత ఆ మాట చెప్పినప్పుడు నేను నవ్వలేదు.

ఎండకు అడవి అంటుకొన్నదనియు, ఎండకు గడ్డివామి కాలినదనియు మనము తఱచుగా అనుచుందుము. నేనును చాలకాలము అట్లే అంటిని. అది మనకు మనము చెప్పుకొను అబద్ధము. నలువదియైదు డిగ్రీల ఎండయైనను ఎండుగడ్డిని తనంత తాను మండింపజాలదు. దానికి రెండువందల డిగ్రీలకు మించిన వేడి కావలెను. ఎండ చేయునదెల్ల గడ్డిని ఎండబెట్టుట. గాలి చేయునది పుట్టిన నిప్పును మోసికొనిపోవుట. నిప్పు మాత్రము ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చినదే. మెఱుపు వలన అడవులంటుకొను దేశములు గలవు గాని, మన దేశమున అడవిమంటలలో మిక్కిలి పెద్దభాగము మనుష్యుల చేతిమీదుగా పుట్టినదే. రుద్రంగి, చందుర్తి, కోనరావుపేట వైపు అడవులలో ఇప్పపువ్వు ఏరువారు రాలిన పువ్వు కనబడవలెనని చెట్టుక్రింది ఆకులకు నిప్పు పెట్టుటయు, తునికాకు లేతగా చిగురించవలెనని పొదలు కాల్చుటయు తెలియనివారు లేరు. వారు బీదవారు, ఆ పువ్వు, ఆ ఆకు వారికి వేసవి కూడు. వారిని తిట్టుట మాకు తేలిక. మా పొలములలో మేము పెట్టు నిప్పునకు మాత్రము మేము పేరు పెట్టలేదు.

యాసంగి వరి మా వైపు ఇంతగా ఎన్నడును లేదు. నర్మాల వద్ద నిజాము కాలమున కట్టిన ఎగువ మానేరు క్రింద కొంత, చెఱువుల క్రింద కొంత, తక్కిన నేల మక్క, పత్తి, లేదా బీడు. మధ్య మానేరు జలాశయము నిండినప్పటినుండి బావులలో నీరు పైకి వచ్చినది, రెండవ పంటయు వరియే అయినది. ఇది సంతోషింపదగిన మాటయే. కాని పంట పెరిగినంత వేగముగా చేతులు పెరుగలేదు. కొడవలితో నేలకంట కోసిన రోజులలో గడ్డి ఇంటికి వచ్చెడిది, ఎడ్లు తినెడివి. నేడు కోతయంత్రము మోకాటి దగ్గర కోసి, నలిగిన గడ్డిని వెనుకకు జల్లి పోవును. ఎడ్లు లేవు. మిగిలిన కొయ్యలు దున్నుటకు అడ్డమని, ట్రాక్టరుతో ఒక సాలు ఎక్కువ దున్నించినచో బాడుగ ఎక్కువయని, ఒక్క అగ్గిపుల్లతో పని ముగింతురు. ఒక టన్ను వరిగడ్డి కాలినచో అయిదున్నర కిలోల నత్రజని, ఇరువదియైదు కిలోల పొటాషు గల పదార్థము పోవునని వ్యవసాయశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. పొలమునుండి తీసి గాలికి పోసినదానినే రైతు మఱల దుకాణములో బస్తాగా కొనుచున్నాడు. ఈ లెక్క నేను పదవ తరగతి పిల్లలకు నల్లబల్లపై వ్రాసి చూపినవాడనే.

అట్టివాడనైన నేను చేసినది చెప్పెదను.

2024 ఏప్రిల్ చివరి వారము. మా తండ్రిగారు విడిచిపోయిన మూడెకరముల మడి కౌలుకిచ్చితిమి. యంత్రము వచ్చి ఒక పూటలో కోసిపోయినది. ఆనాడు నేను పట్టణములో ఇంట జవాబుపత్రములు దిద్దుచుంటిని. కౌలుదారు ఫోను చేసి, "సారూ, కొయ్యలు అంటుబెట్టమంటరా?" అని అడిగెను. ఎఱ్ఱకలము చేత నుండగనే "నీ ఇష్టమయ్యా" అంటిని. ఆ మాట అరనిమిషమైన సాగలేదు.

అతడు మూడు గంటలకు అంటించెను. దినములో అంతకంటె చెడ్డవేళ లేదు. నేల బాగుగ కాగి వేడిగాలి పైకి లేచును, పైనున్న వడిగల గాలి క్రిందికి దిగి దానితో కలియును. గాలి తట్టిన మంట నిలువుగా లేవదు. ముందునకు వ్రాలి, తానింకను చేరని గడ్డిని ముందుగనే కాచి, పిమ్మట అందుకొనును. అది మా మడి దాటి ఒడ్డుమీది గడ్డిలోనికి, అటనుండి ఎండిన ఒర్రెలోని తుంగలోనికి, తుంగనుండి ఈతవనములోనికి పోయెను. మోదుగ కొమ్మలతో కొట్టిరట. ఫైరింజను వచ్చినది గాని ఒర్రె దాటి పోవుటకు బాట లేదు.

కబురు నాకు అయిదు గంటలకు తెలిసినది. నా మనస్సులో మొదట పుట్టిన మాటను దాచి ప్రయోజనము లేదు. "కల్లుచెట్లే గదా" అనుకొంటిని. యౌవనమున మద్యపాన నిషేధమునుగూర్చి సభలలో మాటలాడినవాడను. మా ఇంట కల్లు ముట్టినవారు లేరు. పైకిని అదే మాట అంటిని కాబోలు, నా భార్య వినెను. "కల్లు చెడ్డదైతే మానుమని చెప్పుదురు గాని, చెట్టు కాల్చుమని ఏ సభలో తీర్మానించినారు?" అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు.

మఱునాడు తెల్లవాఱుజామున పోయితిని. వనము గీయువాడు నాకంటె పదేండ్లు పెద్ద. మోకు భుజాన వేసికొని చెట్టుచెట్టునకు తిరిగి తల పైకెత్తి చూచుచుండెను. ఈతచెట్టుకు ప్రాణము మొవ్వులో నుండును. బోదెను చుట్టుకొని వ్రేలాడు ఎండుమట్టలు మాత్రమే కాలినచో చెట్టు బ్రతుకును. మంట ఆ మట్టలనే నిచ్చెనగా చేసికొని మొవ్వునంటినచో అంతే. అతడు నలువదిమూడు చెట్లు చూచి ముప్పదియొక్కటి పోయినవని చెప్పెను. గీతకు వచ్చుటకు ఒక్కొక్క చెట్టు అయిదారేండ్లు పెరుగవలెను.

నేను, "నిప్పు నేను పెట్టలేదు గౌడన్నా, కాని..." అని మొదలుపెట్టితిని.

"మీరు పెట్టలే, నాకెరుకనే. గాలి తెచ్చింది. గాలికి పట్టా లేదు గద సారూ, నేనెవల నడగాలె?" అని అతడనెను. కోపముతో ననలేదు. నిజముగా తెలియక అడిగినట్లే అడిగెను.

ఆ తలపైన తీతువుల జంట ఒకటి అరచుచు తిరుగుచుండెను. అవి గ్రుడ్లు పెట్టునది బయలు నేలమీదనే. ఎచట పెట్టినవో వెదకుటకు నాకు ధైర్యము చాలలేదు. భారతములోని ఖాండవదహనము ఎన్నిమారులో పాఠము చెప్పితిని. అంత వనము కాలిన పిదప బ్రతికినవి ఆఱే ప్రాణములు: అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్‌ఙ్గక పక్షులు. నేనెప్పుడును అర్జునునకు గాండీవము దొరికిన భాగమును విస్తరించి చెప్పి, ఆ పిట్టల తల్లి జరిత సంగతి రెండు వాక్యములలో ముగించుచుంటిని. పరీక్షలో అది అడుగరు.

దూరదేశముల వార్తలు చదివినపుడును నాది ఇదే తీరు. 2023 ఆగస్టులో హవాయి ద్వీపములలోని లహైనా పట్టణము ఒక్కనాటిలో కాలి సుమారు నూఱుమంది మరణించిరి. చెఱకుతోటలు మూతపడి బీడైన నేలలలో ఎండిన గడ్డి, పెనుగాలి, తెగిపడిన విద్యుత్తు తీగ కలిసి చేసిన పని అది. చదివి అయ్యో అంటిని. మా ఒడ్డుమీద ఎండిన గడ్డి కూడ గడ్డియేయని తోచలేదు.

నష్టము ఎంతయని అడిగితిని. "ఏటేట ఇచ్చేదానికి ఒక్కసారి ధర ఎట్ల గడ్తరు?" అని అతడు నన్నే అడిగెను. తుదకు ఊరి పెద్దల ఎదుట రెండేండ్ల రాబడికి ఒక మొత్తము కుదిరినది. సగము నేను, నాలుగవ వంతు కౌలుదారు ఇచ్చుటకు ఒప్పుకొంటిమి. తక్కిన పాలు గౌడే వదలుకొనెను. కౌలుదారుని పాలు కూడ నేనే ఇచ్చియుండవలసినది. అతడు నన్ను అడిగిన తరువాతనే అంటించెను. ఈ మాట నాకు ఆరు నెలల తరువాత తోచినది, అప్పుడు ఇచ్చితిని.

ఆ వానకాలమున ఒర్రెగట్టున ఈతమొక్కలు నాటితిమి. దమ్ము చేయునపుడు ఎకరమునకొక బస్తా సూపర్ ఫాస్ఫేటు చల్లినచో కొయ్యలు నీటిలో మురిగి ఎరువగునని వ్యవసాయాధికారులు చెప్పుదురు. అట్లే చేసితిమి. మురిగినవి, కాని పూర్తిగా కాదు. మొదటి దుక్కి బాడుగ హెచ్చుగనే పడినది. కౌలుదారు ఆ భేదము నా లెక్కలో వ్రాసెను, నేను కాదనలేదు.

తరువాతి యేడు ఏప్రిలులో అతడు మఱల ఫోను చేసెను. ఈమాఱు "వచ్చెదను, ఉండుము" అంటిని. పోవునప్పటికి మా మడి కోసినది కోసినట్లే యున్నది. కాని ఒర్రెకావల రెండు మడుల దూరమున పొగ లేచుచుండెను, గాలి మా వైపే యుండెను. గౌడు అప్పటికే ఈతమొక్కల చుట్టు మూడడుగుల మేర గడ్డి చెక్కి, మట్టి తేల్చి యుంచినాడు. ఉత్తరపు ప్రక్క మిగిలియుండెను. ఇంకొక పార యున్నదా యని అడిగితిని. చెట్టునకానించినది చూపెను.