పొట్ట లేని బాస్‌కు తీగలు

ఎలక్ట్రిక్ అప్‌రైట్ బాస్ కూడా నిలబడి వాయించేదే. తీగ పొడవు, శ్రుతి, స్వరానికీ స్వరానికీ మధ్య వేళ్ల దూరం అన్నీ చెక్క డబుల్ బాస్‌వే. లేనిది పొట్ట ఒక్కటే. మెట్రో లిఫ్టులో పట్టేటప్పుడు అది వరమే. కానీ చెక్క బాస్‌లో సగం పని చేసేది ఆ పొట్టే. మీటిన తీగలోని శక్తిని పైపలక లాగేసుకుని గాలిలోకి తోస్తుంది. అందుకే అక్కడ స్వరం ధుమ్మని పుట్టి వెంటనే తగ్గిపోతుంది. గట్టి కట్టెకు బిగించిన తీగ దగ్గర ఆ శక్తిని లాక్కునేదేమీ ఉండదు. తీగ మోగుతూనే ఉంటుంది, ఆ మోతనంతా పికప్ స్పీకర్లోకి పంపేస్తుంది. తీగల ఎంపిక, ఎత్తుల సర్దుబాటు, స్పాంజి ముక్కలు, ఈ వాద్యం మీద మేం పడే పాట్లన్నీ ఆ లేని పొట్ట పని చేయించడానికే.

హోటల్ లాంజ్‌లు, స్టూడియో పనులు, కర్ణాటక ఫ్యూజన్ కచేరీలు. హైదరాబాద్‌లో ఈ పొట్ట లేని బాసే నా పొట్ట నింపుతోంది. కొత్తగా కొన్నవాళ్లు సెటప్ చేయించుకోవడానికి వస్తుంటారు. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "అన్నా, స్పైరోకోర్ తెప్పించాలా?"

వియన్నా థొమాస్టిక్ వాళ్ల స్పైరోకోర్‌కు జాజ్ బాసిస్టులలో ఉన్న పేరు అలాంటిది. లోపల తాడులా పేనిన ఉక్కు గర్భం, పైన క్రోమ్ చుట్టు. వాటి గొప్పతనం మోత నిలవడంలో ఉంది. చెక్క బాస్‌లో తొందరగా ఆరిపోయే స్వరాన్ని అవి కాస్త సాగదీస్తాయి. మన వాద్యంలో స్వరం ముందే సాగిపోతోంది కదా, దానికి ఇంకా సాగే తీగ కడితే వినేవాడికి అది ఫ్రెట్‌లెస్ బాస్ గిటార్ అనిపిస్తుంది. తీగలు కొత్తవైతే వేలి గోరు తగిలిన చప్పుడు కూడా పియెజో పికప్ పట్టి పంపుతుంది. అందుకే నేను చాలామందికి సింథటిక్ గర్భం ఉన్న తీగలు చెప్తాను. పిరాస్ట్రో వాళ్ల ఓబ్లిగాటో అలాంటిదే. స్వరం గుండ్రంగా పుట్టి, ఉక్కు తీగ కన్నా ముందే తగ్గుతుంది. బో కూడా వాడేవాళ్లకు డదారియో హెలికోర్ హైబ్రిడ్ మధ్యేమార్గం. అసలు సిసలు గట్ తీగల మీద మోజు ఉన్నవాళ్లూ వస్తారు. ఏప్రిల్ ఎండకు ఒక శ్రుతి, జూలై వానకు ఒక శ్రుతి పలికే తీగతో ఈ ఊళ్లో వేగలేం. పైగా పికప్ అయస్కాంతానిదైతే ఉత్త గట్‌ను అది పట్టించుకోనే పట్టించుకోదు.

చేతిలో ఉన్న ఉక్కు తీగలు మార్చే స్తోమత లేకపోతే బ్రిడ్జికి దగ్గరగా తీగల కింద స్పాంజి ముక్క దూర్చి చూడమంటాను. ఖర్చు అయిదు రూపాయలు కూడా కాదు. లాంజ్‌లో పాత స్వింగ్ పాటలకు నేనూ అదే చేస్తాను.

అలాగని ఆ సాగే గుణం దోషమని తీర్మానించలేం. జర్మన్ బాసిస్టు ఎబర్‌హార్డ్ వెబర్ దాన్నే తన సంతకం చేసుకున్నాడు. 1974లో వచ్చిన 'ద కలర్స్ ఆఫ్ క్లోయీ' వింటే తెలుస్తుంది, బాస్ పాడుతుంది. తర్వాత ఆయన వాయించిన ఎలక్ట్రిక్ అప్‌రైట్‌కు పైన సి తీగ కూడా ఉండేది. వెబర్‌లా వాయించాలనుకునేవాడికి ఓబ్లిగాటో అంటగట్టడం అన్యాయం. వాడికి స్పైరోకోరే సరి. అందుకే తీగల పేరు చెప్పే ముందు ఏం వాయిస్తావని అడుగుతాను. ఎక్కువమంది "అన్నీ" అంటారు. ఆ జవాబుకు సరిపోయే తీగ ఏ కంపెనీ దగ్గరా లేదు.

నిజానికి చాలా వాద్యాలకు కావాల్సింది కొత్త తీగలు కాదు. ఆ మధ్య ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో కొన్న చవక రకం బాస్ తెచ్చాడు. ఎఫ్ స్వరం నొక్కాలంటే వేళ్లు విరుగుతున్నాయట. "బాస్ గిటార్ తీగలు వేసేద్దామన్నా, మెత్తగా ఉంటాయి" అన్నాడు. బాస్ గిటార్ తీగ 34 అంగుళాల కొలతకు చేసింది. వాడి బాస్‌లో నట్ నుంచి బ్రిడ్జికి 41 అంగుళాల పైచిలుకు. అందదు. లోపం తీగలో లేదు, నట్‌లో ఉంది. ఫ్యాక్టరీలో గాడి లోతుగా కోస్తే తీగ గరగరలాడి సరుకు తిరిగొస్తుందని భయం కాబోలు, నట్ ఎత్తుగానే వదిలేస్తారు. ఓపెన్ తీగకూ ఫింగర్‌బోర్డుకూ మధ్య, నట్ దగ్గర, ఒక విజిటింగ్ కార్డు దూరితే చాలు. అక్కడ రెండు కార్డులకు పైగా పట్టే సందుంది. సన్నని గుండ్రటి ఆకురాయితో ఒక్కో గాడినీ కొంచెం కొంచెంగా దించి, గాడిలో పెన్సిల్ ముక్కు రుద్ది ఇచ్చాను. తీగలు అవే. వాడి మొహం మాత్రం మారింది.

నట్ అయ్యాక బ్రిడ్జి. ఫింగర్‌బోర్డు చివర కొలిస్తే జి తీగ కింద 5 మిల్లీమీటర్లు, ఇ తీగ కింద 7 నుంచి 8 దాకా నాకు ఇష్టం. యాంప్ ఉంది కదా, గట్టిగా లాగాల్సిన పని లేదు, ఇంకా దించవచ్చు కదా అంటారు. దించవచ్చు. దించినకొద్దీ తీగ బోర్డుకు తగిలి గిటార్ పోకడ పోతుంది, కుడిచేతికి లాగడానికి బరువు దొరకదు. ఎత్తు ఉన్న తీగలో ధుమ్ము ఉంటుంది. బో వాడేవాడికి బ్రిడ్జి వంపు కూడా చూడాలి. బల్లపరుపుగా ఉంటే డి తీగ మీద బో పెట్టినప్పుడు పక్క రెండూ మోగుతాయి.

ఒక తీగే బలహీనంగా పలికితే తొందరపడి దాన్ని తీసెయ్యకూడదు. బ్రిడ్జికీ పియెజోకీ ఆ వైపు సరిగ్గా ఆనకపోయినా అలాగే ఉంటుంది. ఇంకో పాత జబ్బు, ప్రీయాంప్ లేని బాస్‌ను తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చడం. పియెజోకు కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 వేల ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. అందులో కింది స్వరాలు ఎగిరిపోయి రేకు డబ్బా మిగులుతుంది. అప్పుడు సౌండ్ ఇంజినీరు బాస్ నాబ్ మొత్తం తిప్పి, ఫీడ్‌బ్యాక్ వచ్చాక తీగలు బాగాలేవంటాడు. మంచి సెట్టుకు పెట్టే డబ్బులో సగానికే ప్రీయాంప్ వస్తుందని నేను ఎంతమందికి చెప్పినా, తీగలు కొనడంలో ఉన్న ఆనందం ప్రీయాంప్ కొనడంలో లేదు.

ఇక అసలు తలనొప్పి కర్ణాటక కచేరీలతో. బాస్ శ్రుతి కింది నుంచి ఇ, ఎ, డి, జి. గాయకుడు ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్. ఓపెన్ తీగలు షడ్జ పంచమాలు పలికితే గమకాల కింద ఆధారం కదలకుండా నిలుస్తుంది. అందుకని సి షార్ప్, జి షార్ప్, సి షార్ప్, జి షార్ప్‌గా మారుస్తాను. ఎ, డి తీగలు అర స్వరం చొప్పున దిగుతాయి, జి అర స్వరం ఎక్కుతుంది, ఇ ఏకంగా మూడు అర స్వరాలు దిగిపోతుంది. అర స్వరం ఎక్కిస్తే బిగువు 12 శాతం పెరుగుతుంది. మూడు దించితే 30 శాతం దాకా పోతుంది. మామూలు ఇ తీగ ఆ బిగువులో వేలాడుతుంది, మీటగానే పైకి పోయి మళ్లీ శ్రుతిలోకి జారుతుంది. మృదంగం పక్కన అది నరకం. అందుకే ఫ్యూజన్ బాస్‌కు తీగలు సెట్టుగా కొనను, విడిగా కొంటాను. కిందికి దిగే ఇ స్థానంలో బరువు రకం, మధ్య రెండూ మామూలువి, పైకెక్కే జి తేలిక రకం. స్పైరోకోర్‌లో ఈ మూడు బరువులూ దొరుకుతాయి కాబట్టి ఇక్కడ మాత్రం దాని దగ్గరికే వెళ్తాను. గమకానికి ఆ సాగే మోత పనికొస్తుంది కూడా.

గాయని ఐదున్నర శ్రుతి, అంటే జి షార్ప్ అయితే ఆ తీగలే షడ్జమం, మధ్యమం అవుతాయి. బాగానే ఉంటుంది, మోహన పాడనంతవరకు. మధ్యమం లేని రాగంలో ఓపెన్ సి షార్ప్ పొరపాటున మోగినా సభలో తలలు లేస్తాయి. కొత్త అమరికలోకి మార్చిన తీగలు నిలకడకు రావడానికీ, తీగ లాగిన వైపు వాలిన బ్రిడ్జిని నిలబెట్టడానికీ సమయం పడుతుంది. అందుకే ముందురోజే ఫోన్ చేసి శ్రుతి అడుగుతాను. "వచ్చాక చూద్దాం లెండి" అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల కచేరీకి గంట ముందు వెళ్తాను.