బనీనుకీ కోటుకీ మధ్య

మా చీపురుపల్లి చలికి ఒక దుప్పటి చాలు. ఆ ధీమాతోనే ఓ పుష్యమాసంలో, 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు వెళ్ళి, తెల్లవారుజామున నూలు చొక్కా మీద మందపాటి కోటు తొడుక్కుని కొండెక్కాను. ఎక్కేటప్పుడు చెమట, పైన కూర్చోగానే వణుకు! కారణం తెలుసా? తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని పోగుల మధ్య గాలిని పట్టి ఉంచి, కాస్త తడిసినా వెచ్చదనం నిలుపుతుంది.

కనుక మీరు లోపల పలచని బనీను, మధ్య ఉన్ని స్వెట్టరు, పైన గాలి చొరని కోటు వేసుకోండి. స్వెట్టరు బిగుతుగా ఉండకూడదు. ముందు బొత్తాలుంటే మేలు. చెమట పట్టకముందే విప్పండి, ఆగగానే తొడగండి. పొడి బనీను ఒకటి సంచిలో ఉంచుకోండి. ఎవరికైనా వణుకుతో మాట తడబడితే తడిబట్టలు మార్చి, వెచ్చగా కప్పి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.