ఇల్లు చేరిన సైనికుడు

యుద్ధము మొదలైన దినమును, ముగిసిన దినమును చరిత్రగ్రంథములు వ్రాసి పెట్టును. 1971వ సంవత్సరమున భారత పాకిస్తానుల నడుమ యుద్ధము డిసెంబరు 3వ తేదీన మొదలై 16వ తేదీన ముగిసినది. పట్టుమని పదునైదు దినములైనను సాగలేదు. కాని, అందు పోరాడి వచ్చిన కొందరి మనస్సులలో అది నేటికిని ముగియలేదు.

నెల్లూరు సముద్రతీరమున, బకింగ్‌హాము కాలువకు తూర్పుగా, సరుగుడు తోపుల నడుమ నున్న ఒక పల్లెలో అట్టి వృద్ధుడొకరు కలరు. పల్లెవారు ఆయనను 'మిలిటరీ తాత' యని పిలుతురు. కొలువు విడిచి వచ్చిన పిదప ఆయన వేరుసెనగ పండించెను; బిడ్డలను పెంచి పెద్దచేసెను. అంతకాలమును ఆయన నిబ్బరముగనే యుండెను. చేతులకు పని తగ్గి, బిడ్డలు పట్టణములకు తరలిన తరువాత పాత దినములు మరల వచ్చినవి. దీపావళినాడు మొదటి టపాకాయ ప్రేలగానే ఆయన గోడ చాటునకు చేరును. తుపాను రాత్రులలో సరుగుడు చెట్లు హోరుమనుచుండగా నిదురింపక, తలుపు గడియలు తడవి చూచుచుండును. చూచినవారు ముసలితనపు చాదస్తమందురు, పిల్లలు నవ్వుదురు. ఆయన భార్య మాత్రము, నిద్రలో పలవరించునపుడు ఆయనను తాకి లేపదు. దూరముగా నిలిచి, "ఏమండీ, మన ఇంటిలోనే ఉన్నారు" అని మెల్లగా పలుకును.

ఇది చాదస్తము గాదు. పిరికితనము అంతకన్న గాదు. ప్రాణాపాయ సమయమున మనస్సు ప్రతి చప్పుడును శత్రువుగా నెంచి మేలుకొని యుండుట నేర్చుకొనును. రణరంగమున ఆ మెలకువయే ప్రాణమును కాపాడును. ఇల్లు చేరిన పిదప పలువురిలో అది క్రమముగా శాంతించును. కొందరిలో మాత్రము పనిపాటల మాటున అణగియుండి, వార్ధక్యమున ఒంటరితనము కలిగినపుడు తల యెత్తును.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, చార్లెస్ మయర్స్ అను ఆంగ్లవైద్యుడు 'షెల్ షాక్' అను పేరుతో ఈ బాధను గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. అయినను, ఆ యుద్ధమున పారిపోయిరనియు, పిరికివారనియు నేరము మోపి బ్రిటిషు సైన్యము తన సైనికులనే కాల్చి చంపినది. వారిలో కొందరు ఈ బాధకు లోనైనవారే. అట్లు మరణించిన 306 మందికి 2006లో గాని క్షమాపణ లభింపలేదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించినది. నేడు దీనికి మందులు కలవు. తర్ఫీదు పొందిన వైద్యునియెదుట జరిగినదానిని కొంచెము కొంచెముగా చెప్పుకొనుట అంతకన్న గొప్ప చికిత్స.

నెల్లూరు సీమకు ఈ సంగతి క్రొత్తది గాదు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి కాలమున ఇచట ఇద్దరు తిక్కనలుండిరి, ఇరువురును జ్ఞాతులు. పుల్లరి తగవున కాటమరాజుతో పోరి, సేనను కోల్పోయి ఖడ్గతిక్కన యింటికి మరలెనట. భార్య స్నానమునకు మంచము చాటుపెట్టి, పసుపుముద్ద నుంచి యెత్తిపొడిచెనట. తల్లి విరిగిన పాలు పోసి హేళన చేసెనట. ఆయన మరల రణమునకేగి మరణించెను. మనమా కథను శౌర్యగాథగా చెప్పుకొందుము. కాని, "నాయనా, ఏమి చూచి వచ్చితివి?" అని అడిగినవారు ఆ కథలో లేరు.

కవితిక్కన తెనిగించిన శాంతిపర్వమున వేరొక దారి కనబడును. యుద్ధమున గెలిచియు ధర్మరాజు సంతోషింపడు. కర్ణుని తలచుకొని కుమిలి, అడవికి పోదుననును. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఆయన మాట విందురు, వాదింతురు, మందలింతురు, ఓదార్తురు. ఎవ్వరును విడిచిపోరు. తుదకు అంపశయ్యపై నున్న భీష్ముని యొద్దకు చేర్తురు. యుద్ధమున గాయపడినవాని మాటయే యుద్ధమున నలిగినవానికి మందైనది.

మీ యూర అట్టి తాత యుండినచో, పతకములను గూర్చి మాత్రమే అడుగకుడు. ఆయన చెప్పదలచినపుడు వినుడు, చెప్పనొల్లనిచో బలవంతపెట్టకుడు. వెనుకనుండి తాకి బెదరింపకుడు. టపాకాయ కాల్చుటకు ముందు ఆయనకొక మాట చెప్పి రండు. దేశముకొరకు పోరాడుట ఆయన వంతు. ఆ పోరునుండి ఆయనను పూర్తిగా ఇల్లు చేర్చుట మన వంతు.