బుజ్జి, భైరవ, మా ఇంటి బహస్

చాలా రోజుల తర్వాత ఫుర్సత్ దొరికింది. ఈసారి ఖిస్సా ఒక కార్టూన్ గురించి. నవ్వకండి. ఆ కార్టూన్ మీద మా ఇంట్లో నెలల తరబడి బహస్ నడిచింది, రెండుసార్లు చాయ్ చల్లారిపోయింది, ఒకసారి మా భాంజా అన్నం ముందు నుంచి లేచిపోయాడు కూడా.

దాని పేరు ‘బుజ్జి అండ్ భైరవ’. 2024 మే 31న, జుమ్మా రోజు, ప్రైమ్ వీడియోలో వచ్చింది. జూన్ 27న రావాల్సిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాకి ముందుమాటలాంటిది. నాగ్ అశ్విన్ తన సినిమా కోసం కల్పించిన దునియా నుంచి ఒక మూల తీసుకుని బొమ్మల్లో చెప్పించాడు. బొమ్మలు వేసింది ఎక్కడివాళ్లో కాదు, మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ వాళ్లే. ఛోటా భీమ్‌ను ఇంటింటికీ తెచ్చినవాళ్లు. సినిమా వచ్చేలోపు మాకు దొరికినవి రెండే ఎపిసోడ్లు. రెండూ కలిపి చూసినా మామూలు సినిమాలో ఇంటర్వెల్ దాకా రావు.

బహస్‌లో ఒక పక్క మా ఆపా కొడుకు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్‌లో మూడేళ్లుగా గ్రూప్స్ చదువుతున్నాడు. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటే చీకటి పడ్డాకే లేస్తాడు. ఆదివారం మాత్రం మా ఇంట్లో భోజనం. రెండో పక్క మా తమ్ముడి బిడ్డ. నారాయణగూడలో ఇంటర్ చదువుతుంది, కాలేజీ అయ్యాక ఒక్క మెట్రో స్టేషన్ దాటితే మా ఇల్లు. ఇద్దరి మధ్య కాజీ సాబ్‌ను నేను. 1991లో ‘ఆదిత్య 369’ను నాలుగుసార్లు చూశానని గొప్పలు చెప్పుకోవడం వల్ల వచ్చిన పదవి ఇది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. భూమి ఎండిపోయింది. మిగిలిన నగరం కాశీ ఒక్కటే. దాని మీద బోర్లించిన పిరమిడ్‌లా ఒక పెద్ద కట్టడం, పేరు కాంప్లెక్స్. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ దాని లోపలే. లోపలికి పోవాలంటే యూనిట్లు కావాలి. పది లక్షల యూనిట్లు! భైరవ కింద కాశీలో ఉంటాడు. తల మీద ఇనాం ఉన్నవాళ్లను పట్టిచ్చి యూనిట్లు జమ చేసుకోవడం వాడి ధంధా. బుజ్జి ఏమో సామాన్లు మోసే బండిలో ఉండాల్సిన యంత్రం బుర్ర. పనికిరాదని పారేస్తే వీడి చేతిలో పడుతుంది. దానికి ఒక ఒళ్లు కావాలి, వీడికి ఒక తోడు కావాలి. అంతే కథ.

“ఇది సీరీస్ కాదు మామూ, సినిమాకు పొడుగు ట్రైలర్,” అన్నాడు భాంజా మొదటి రోజే. “టికెట్లు అమ్ముకునేటందుకు తీసిండ్రు. రెండు ఎపిసోడ్లకు సీరీస్ అని పేరా?”

“భాయిజాన్, నువ్వు ఫోన్ పక్కన పెట్టి చూసినవా అసలు?” అంది పిల్ల. “సినిమాకు బండిని నిజంగనే తయారుచేసిండ్రు, ఆరు టన్నులంట, ముందు రెండు చక్రాలు వెనక ఒకటి. దాన్ని చూసి అందరూ ఫోటోలు దిగుతరు. కానీ దాని లోపల ఉన్నదెవరు? అది చెప్పింది కార్టూనే.”

చూడండి, ఇద్దరి మాటలోనూ దమ్ముంది. ఆ సీరీస్ ఇష్తిహారే, అందులో షక్ లేదు. సినిమాకి నాలుగు వారాల ముందు ఊరికే రాదు. ఎపిసోడ్ కాస్త ఊపు అందుకునేసరికి అయిపోతుంది. విలన్లు పేరుకే విలన్లు. కానీ ఇష్తిహార్ అయినంత మాత్రాన దాంట్లో రూహ్ ఉండకూడదని ఎక్కడుంది? మా అబ్బా జమానాలో సినిమా పాటల పుస్తకం పావలాకి అమ్మేవాళ్లు. అదీ ఇష్తిహారే. ఆయన దాన్ని ఇరవై ఏళ్లు దాచుకున్నారు.

అసలు బహస్ జరిగింది బక్రీద్ రోజు, జూన్ 17న. గ్రూప్-1 ప్రిలిమ్స్ 9వ తారీఖున అయిపోయింది కాబట్టి భాంజా తన రూమ్‌మేట్లు ఇద్దరినీ దావత్‌కి తెచ్చాడు. ఒకడు నల్గొండ పిల్లగాడు, ఇంకొకడు వరంగల్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా భతీజీ టీవీలో మళ్లీ అదే పెట్టింది. మా అమ్మీ కూడా కూర్చుంది. అమ్మీకి 2898 అన్నా ఒకటే, నిరుడు అన్నా ఒకటే. కానీ బుజ్జిని పారేశారని తెలియగానే చెవులు రిక్కించింది.

“అయ్యో, కబాడీలో ఏసిండ్రా దాన్ని? మన భోలక్‌పూర్‌ల ఇసొంటి భేజాలు ఎన్ని పడి ఉన్నయో!” అంది. తర్వాత అరగంట అమ్మీ అడిగింది ఒక్కటే ప్రశ్న: దానికి ఒళ్లు దొరికిందా లేదా?

భాంజా తన వాదన మళ్లీ ఎత్తుకున్నాడు. నల్గొండ పిల్లగాడు అప్పటిదాకా షీర్ ఖుర్మా గిన్నె వదలలేదు. మెల్లగా అన్నాడు, “అరే, వీడు మనమే కదరా. కింద అద్దె రూముల ఉంటడు. పైకి పోయేటందుకు యూనిట్లు జమ చేస్తడు. ఇగ వస్తది, అగ వస్తది అనుకుంటనే ఉంటడు.”

ఎవరూ నవ్వలేదు. అప్పుడే మా భాంజా లేచి వరండాలోకి పోయాడు, ముందు పెట్టిన రెండో వంతు అన్నం అట్లాగే ఉంది.

అశోక్‌నగర్ చూడనివాళ్లకు ఆ మాట బరువు తెలియదు. ఆ గల్లీల్లో జిరాక్స్ దుకాణం పక్కన హాస్టల్, హాస్టల్ పక్కన కోచింగ్, కోచింగ్ ఎదురుగా టిఫిన్ బండి. ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు. గోడకి మ్యాపులు, మంచం కింద పాత కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఊళ్లో అమ్మానాన్నలు “ఈ ఏడాది పక్కా” అని చుట్టాలకు చెప్పుకుంటుంటారు. ఆ పిల్లలకి ఇంతెజార్ అంటే ఏదో ఒక రోజు పని కాదు, ఉద్యోగంలాంటిది.

ఇలాంటి కొసరు సీరీస్‌ల మీద గొడవ మన ఒక్క ఇంట్లోదే కాదు. అమెరికాలో ‘బాబిలాన్ 5’ అనే అంతరిక్షం సీరియల్‌కి కొసరుగా 1999లో ‘క్రూసేడ్’ అని ఒకటి వచ్చింది. పేరు చూసి ఉలిక్కిపడకండి, దానికీ సలీబీ జంగ్‌లకీ తాల్లుక్ లేదు! భూమికి ఒక వబా సోకుతుంది, ఐదేళ్లలో మందు కనిపెట్టకపోతే అందరూ పోతారు, ఒక ఓడ ఆ మందు వెతుకుతూ బయల్దేరుతుంది. 13 ఎపిసోడ్లకే ఆపేశారు. మందు దొరకనే లేదు. ఆ ఎపిసోడ్లు ఏ వరసలో చూడాలన్న దాని మీదే అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఇది చెప్తే మా భతీజీ ఎంత ఖుష్ అయిందో! “చూసినవా భాయిజాన్, పదమూడు ఉన్నా గొడవే, రెండున్నా గొడవే.”

సినిమా వచ్చిన మొదటి వారంలోనే అందరం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి నడిచిపోయి చూశాం. మూడు గంటల సినిమా. అమితాబ్ అశ్వత్థామగా నిలబడితే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. బుజ్జి గొంతు కీర్తి సురేశ్‌ది, ఆ అమ్మాయి బండికి కూడా నఖ్రాలు నేర్పింది. బ్రహ్మానందం ఇంటి ఓనర్‌గా వచ్చి భైరవను కిరాయి అడుగుతుంటే మా రూమ్‌మేట్ల బ్యాచ్ అందరికంటే గట్టిగా నవ్వింది.

తిరిగి వస్తూ చిక్కడపల్లి దాకా అదే బహస్. “కార్టూన్ చూడనోళ్లకు కూడా సినిమా సమజైంది కదా, మరి దాంతోని ఏం అవసరం?” అన్నాడు భాంజా. “సమజ్ అయితది. కానీ వాళ్ల దోస్తీ ఎట్ల అయిందో తెల్వదు,” అంది పిల్ల.

నా ఫైసలా అప్పుడు అడిగారు, ఇక్కడ రాస్తున్నాను. సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటెయ్యండి. సినిమా చివర్లో భైరవ ఎవరో తెలుస్తుంది: వాడు కర్ణుడు. ఒక్క దెబ్బతో వాడు మనవాడు కాకుండా పోయాడు. కిరాయి కట్టలేనివాడు, యూనిట్లు లెక్కపెట్టుకునేవాడు, పారేసిన యంత్రంతో మాట్లాడేవాడు, వాడి వెనక ఆరువేల ఏళ్ల కథ ఉందని తేలింది. సినిమాకి అది కావాలి, నాకు శికాయత్ లేదు. కానీ ఆ రెండు చిన్న ఎపిసోడ్లలో భైరవ ఉత్త భైరవే. వాడికి ఏ పూర్వజన్మా లేదు, ఉన్నది జిద్దు ఒక్కటే. పెద్ద కథ ఆగి కూర్చోలేని చోట చిన్న కథ కూర్చుంది. అందుకే నా ఓటు పిల్లకి. వరంగల్ పిల్లగాడు నా మాటకి ఇంకోటి కలిపాడు: “మా రూమ్‌ల కర్ణుడు ఎవ్వడు లేడు అంకుల్.”

జూలై మొదటి వారంలో ప్రిలిమ్స్ ఫలితాలొచ్చాయి. ముగ్గురిలో నల్గొండ పిల్లగాడి నంబర్ ఒక్కటే ఉంది. ఆపా ఫోన్ చేసి ఏడ్చింది. “ఇంటికి రమ్మని చెప్పు భయ్యా, దుకాణం చూసుకుంటడు.” నేను చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకునేలోపే ఆగస్టులో ఉండాల్సిన గ్రూప్-2 డిసెంబర్‌కి పోయింది. పిల్లలు కొందరు వాయిదా కోసమే రోడ్డెక్కారు, అది వాళ్ల హక్. కానీ వాయిదా అంటే మా భాంజాకి ఇంకో నాలుగు నెలల హాస్టల్ కిరాయి కూడా.

వాడు హాస్టల్ ఖాళీ చేశాడు. ఊరికి పోలేదు. ఒక ఆటోలో పుస్తకాలు, ట్రంకు పెట్టె వేసుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మీ గదిలో మూల ఖాళీ చేసింది. మామూ ఇంట్లో ఉండటం వాడికి షర్మ్, మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. లైబ్రరీ, ఇల్లు, మళ్లీ లైబ్రరీ. అమ్మీ ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది, “బేటా, ఆ బండికి ఒళ్లు దొరికింది కదా? మరి వాడు పైకి పోయిండా?”

“పైకి పోయిండు నానీ. కానీ అక్కడ ఉండనియ్యలే,” అన్నాడు.

“అయితే మళ్ల కింద ఆ బండితోనే ఉంటడా?”

“ఉంటడు.”

“మంచిదే,” అని అమ్మీ ఇంకో గరిటె వేసింది.

మా భతీజీ మాత్రం వదలదు. మూడో ఎపిసోడ్ ఎప్పుడొస్తుందని వారానికోసారి వాణ్నే అడుగుతుంది, వాడేదో తీసి దాచుకున్నట్టు. మొన్న డిసెంబర్ పరీక్షకి హాల్ టికెట్ ప్రింట్ తీసుకుని వస్తూ వాడు దానికి జవాబిచ్చాడు. “వస్తే చెప్పు. చూసినంక తిడత.”