కవరు కింద కారు

సింగ్‌నగర్‌లో ఆ సందులోకి కొత్త కారు వచ్చి 11 రోజులైంది. మీటరు మీద 23 కిలోమీటర్లే ఉన్నాయి. షోరూము నుంచి ఇంద్రకీలాద్రి కిందికి, అక్కడ పూజయ్యాక ఇంటికి... అంతే. ఆ తర్వాత కదల్లేదు. గేటు లోపల, బూడిదరంగు గుడ్డ కవరు కింద, బీరువాలో పట్టుచీరలా భద్రంగా ఉంది.

అలాగని యజమానికి డ్రైవింగు రాదనుకునేరు! ఆయన 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. రోజుకి 250 కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా 20 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. హైదరాబాదు, భద్రాచలం, శ్రీశైలం ఘాటు... ఆయన తొక్కని రూటు లేదు. తనకంటూ ఒక కారు మాత్రం రిటైరయ్యాకే వచ్చింది. పీఎఫ్ డబ్బులు కొన్ని, దాచుకున్నవి కొన్ని, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపినవి కొన్ని. అన్నీ కలిపితే ఎనిమిదిన్నర లక్షల చిన్న కారు. రంగు మాత్రం ఆవిడ ఎంపిక. ముదురు ఎరుపు.

చిక్కంతా ఆ ఎరుపుతోనే మొదలైంది.

‘సార్, ఈ కలర్ మీద గీత పడితే తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుద్ది. పీపీఎఫ్ వేయించుకోండి. మొత్తం బాడీకి 85 వేలు’ అన్నాడు షోరూము కుర్రాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దాన్నీ వదల్లేదు. ‘ట్యాక్సు తగ్గి 70 వేలు మిగిలాయి కదా సార్, అదే ఇటు పెట్టేయండి!’

‘మిగిలినవంటే మన దగ్గర ఉన్నట్టా, లేనట్టా?’ అని ఆవిడ పక్కనుంచి అడిగింది. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. పెయింటు మీద అతికించే పారదర్శకమైన పొర. వియత్నాం యుద్ధ కాలంలో ఇసుక, రాళ్లు తగిలి హెలికాప్టర్ల రెక్కల అంచులు పాడైపోతుంటే అమెరికా సైన్యం కోసం ఇలాంటి టేపు తయారుచేశారు. అది తర్వాత రేసు కార్ల ముక్కుల మీదికి, ఇప్పుడు మన సందుల్లోకీ వచ్చింది. సింగ్‌నగర్ సందుకీ యుద్ధభూమికీ పెద్ద తేడా లేదన్నది వేరే సంగతి. తలుపు తీస్తే అవతలి గోడ, ఇవతల పాలబ్బాయి బండి హ్యాండిలు, బానెట్ మీద రాత్రి పడుకునే కుక్క, దుమ్ము మీద పేర్లు రాసే పిల్లలు!

కారు తెచ్చిన రోజు నుంచీ ఆయనకి ఇవే కళ్లలో మెదులుతున్నాయి. దానికో కారణం ఉంది. డిపోలో బండి అప్పగించేటప్పుడు చుట్టూ తిరిగి చూసుకోవాలి. కొత్త దెబ్బ కనబడితే ఎక్కడ, ఎలా, ఎవరి వల్ల అని రాయాలి, జవాబు చెప్పుకోవాలి. 31 ఏళ్లు చేసిన పని కదా, ఒంటికి పట్టేసింది. తెల్లారి లేవగానే కవరు ఎత్తి టార్చిలైటు వేసి నాలుగు వైపులా చూసి, మళ్లీ కప్పేవాడు. టీవీ రిమోటుకి పాలిథిన్ సంచి తొడిగి, సోఫాకి ప్లాస్టిక్ తీయకుండా పదేళ్లు వాడుకునే మన ఇళ్లలో ఇదేమంత వింత కాదు.

సలహాలకేం తక్కువ? ‘ఫిల్మ్ వేస్తే పోలీసులు చలానా రాస్తారన్నా’ అన్నాడు ఎదురింటాయన. అది అద్దాల సంగతి. కారు అద్దాలకి నల్ల ఫిల్ములు అతికించొద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. బాడీ మీద వేసే పారదర్శక ఫిల్ముకీ దానికీ సంబంధం లేదు. ‘సిరామిక్ కోటింగ్ చాలు, సగం ధరే’ అన్నాడు ఇంకొకరు. దాంతో మెరుపు వస్తుంది, నీళ్లు జారిపోతాయి, కడుక్కోవడం తేలిక. రాయి తగిలితే మాత్రం అది ఆపలేదు.

ఆటోనగర్‌లో ఆయనకో పాత స్నేహితుడున్నాడు. డిపోలో బాడీ సెక్షన్‌లో చేసి బయటికొచ్చి పెయింటింగ్ షెడ్డు పెట్టుకున్నాడు. ‘ఒరేయ్, ప్యానెల్‌కి నాలుగు వేలు తీసుకుని పెయింటు వేసిస్తా. నీ 85 వేలకి 21 ప్యానెళ్లు వస్తాయి. కారుకి అన్ని ఉన్నాయా అసలు?’ అన్నాడు. లెక్క బాగానే ఉంది. కానీ ఆ స్నేహితుడే కాసేపాగి ఇంకో మాటా చెప్పాడు. కంపెనీలో పెయింటు వేశాక ఉత్త బాడీని 140 డిగ్రీల దాకా వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. తయారైన కారులో వైర్లు, ప్లాస్టిక్కు, సీట్లు ఉంటాయి కాబట్టి షెడ్డులో అంత వేడి పెట్టలేరు. మహా అయితే 60 డిగ్రీలు. అందుకే రెండోసారి వేసిన పెయింటు ఎంత బాగున్నా మొదటిదానికి సాటి రాదు. పైగా అమ్మేటప్పుడు కొనేవాడు మీటరు పెట్టి చూస్తే పట్టుబడుతుంది.

ఆ మీటరునే మర్నాడు బందరు రోడ్డులో ఒక ఫిల్ము షాపులో చూశాడాయన. పాతికేళ్ల కుర్రాడు దాన్ని బానెట్‌కి ఆనించాడు. 104 మైక్రాన్లని చూపించింది. ఇనుము మీద తుప్పు పట్టకుండా వేసే పూత, ప్రైమరు, రంగు, ఆ పైన క్లియర్ కోటు... నాలుగు పొరలూ కలిపి అంతే! తల వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ. మెరిసేదీ, ఎండనీ కాకిరెట్టనీ కాచుకునేదీ పైనున్న ఆ క్లియర్ కోటే. అది మొత్తంలో సగం కూడా ఉండదు. ఫిల్ము మందం మాత్రం 150 నుంచి 200 మైక్రాన్లు. పెయింటు కన్నా దాని చొక్కాయే మందం.

ఆ కుర్రాడు మాటకారే గానీ మాయగాడు కాదు. ఒక ముక్క తీసి ఇత్తడి బ్రష్‌తో గీశాడు. వేడినీళ్లు పోయగానే ఆ సన్న గీతలు కళ్లముందే మాయమయ్యాయి. ‘టీపీయూ మెటీరియల్ బాబాయ్, వేడికి సర్దుకుంటుంది. కానీ తాళంచెవితో లోతుగా గీస్తే ఇదీ తెగుద్ది. సొట్ట పడితే ఫిల్ము ఏం చేయలేదు’ అన్నాడు. చవగ్గా 30, 35 వేలకి మొత్తం బాడీ చేస్తామనేవాళ్లు చాలాసార్లు పీవీసీ షీటు వేస్తారనీ, అది మన ఎండలకి పసుపెక్కిపోతుందనీ, తీసేటప్పుడు జిగురు వదలదనీ చెప్పాడు. ఇంకో ప్రమాదం కత్తెరింపు. ఆ మోడల్ కొలతలకి మిషన్ మీద ముందే కోసుకుంటే ఫర్వాలేదు. కారు మీదే పరిచి బ్లేడుతో కోస్తే, చెయ్యి ఒత్తిడి కాస్త పెరిగినా కాపాడాల్సిన పెయింటు మీదే గాటు పడుతుంది. ఇన్సూరెన్సు సంగతీ అడిగాడాయన. యాక్సిడెంటై ప్యానెల్ మారిస్తే పెయింటు ఖర్చు వస్తుంది గానీ, పాలసీలో విడిగా చూపించకపోతే ఫిల్ము ఖర్చు రాకపోవచ్చన్నాడు.

‘మరి బానెట్ మీద ఈ కుంకుమ?’

పూజారి పెట్టిన స్వస్తిక్ ఇంకా అలాగే ఉంది. ఆయన తుడవనివ్వలేదు. ‘పూజ ముందే అయిపోవడం మంచిది బాబాయ్. ఫిల్ము వేశాక పసుపు, కుంకుమ మరకలు పడితే తియ్యడం కష్టం’ అన్నాడు కుర్రాడు. షోరూముల్లో ఈ మాట ఎందుకు చెప్పరో!

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆయనకి వీధి చివరి ఇల్లు కనబడింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఈయన స్కూటరు బురదలో కూరుకుపోయింది. ఆ చివరింటాయన కారు అద్దాల పైదాకా మునిగింది. అంతకు ఆరు నెలల ముందే లక్షకి పైగా పెట్టి ఫిల్ము వేయించాడు. నీళ్లు తీశాక ఇంజను పోయింది, సీట్లు కుళ్లాయి, వైరింగు మొత్తం పోయింది. క్రేను వచ్చి ఎత్తేటప్పుడు బురద కడిగితే పెయింటు మాత్రం షోరూములో ఉన్నట్టే మెరిసింది. వీధంతా నిలబడి చూశారు. ఎవరికీ నవ్వు రాలేదు.

అయినా మర్నాడు పొద్దున ఆయన టార్చిలైటు మళ్లీ తీశాడు.

సంక్రాంతి అయిదు రోజుల్లోకి వచ్చింది. ఆవిడ పుట్టిల్లు నూజివీడు అవతల, మామిడితోటల మధ్య ఒక పల్లె. తల్లికి 84 ఏళ్లు. ‘పండక్కి కారులో వెళ్దామండీ’ అంది. ఆయన నసిగాడు. తారురోడ్డు దాకా ఇబ్బంది లేదు. అక్కణ్నుంచి కిలోమీటరు డొంకదారి. రెండు వైపులా సర్కారు తుమ్మ. కొమ్మలు కారు పక్కల్ని గీరకుండా వదలవు. ‘ఫిల్ము వేయించాక వెళ్దాంలే. ఈసారికి బస్సులో పోదాం’ అన్నాడు. షాపుకి ఫోన్ చేస్తే పండగ తర్వాతే వీలవుతుందన్నారు. బండి మూడు రోజులు అక్కడే ఉంచాలి, ఆపైన వారం దాకా కడగకూడదు.

ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు. అక్కణ్నుంచే అంది.

‘31 సంక్రాంతులు. మీరు ఊళ్లవాళ్లందర్నీ వాళ్ల ఊళ్లకి చేర్చారు. స్పెషల్ బస్సులన్నారు, డ్యూటీ అన్నారు, నేను పిల్లాణ్ని చంకనేసుకుని బస్టాండులో నిలబడ్డా. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. ఇప్పుడు కారుంది. తుమ్మకొమ్మకి భయపడి మళ్లీ బస్సా?’

ఆయన దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్న ఏ డిపోలోనూ ఎవరూ అడగలేదు.

భోగి ముందు రోజు తెల్లారుజామున కవరు తీశారు. నున్న, ఆగిరిపల్లి మీదుగా దారి. గ్రావెల్ టిప్పరు ముందుంటే ఆయన బాగా వెనక్కి తగ్గి, దూరం పెట్టి నడిపాడు. టైర్ల కింద నుంచి ఎగిరే రాయికి అంతకు మించిన మందు లేదని ఏ డ్రైవరునడిగినా చెబుతాడు. డొంకలోకి దిగాక మాత్రం చేయగలిగిందేం లేదు. ఎడమ పక్క కొమ్మలు కిర్రుమంటూ రాసుకుంటూ పోయాయి. పళ్లు బిగపట్టి మొదటి గేరులోనే లాగించాడు. ఆవిడ అద్దం దించబోయి, ముళ్లు లోపలికొస్తాయని ఆగిపోయింది.

ముసలావిడ వాకిట్లో ముగ్గు దగ్గర నిలబడి ఉంది. కారు ఆగగానే దగ్గరికొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. ‘కాలుతోందే!’ అని నవ్వి, ‘ఎక్కించుకుని తిప్పుతావా అల్లుడూ?’ అంది. మూడు రోజుల్లో ఆవిణ్ని నూజివీడుకి రెండుసార్లు, తోటకి ఒకసారి తిప్పాడు. ప్రతిసారీ అదే డొంక.

పండగ తర్వాత ఫిల్ము షాపుకి వెళ్లాడు. ఎడమ వెనక తలుపు మీద జానెడు గీత, దాని చుట్టూ సన్నవి ఇంకో నాలుగు. కుర్రాడు వేలిగోరుతో అడ్డంగా గీరి చూశాడు. గోరు తట్టుకోలేదు. ‘క్లియర్ కోటులోనే ఉంది, పాలిష్‌తో పోద్ది. ఫిల్ము వేయాలంటే ముందది తీయాల్సిందే. లేకపోతే ఫిల్ము కింద అలాగే కనబడుద్ది’ అన్నాడు. పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ పల్చటి పొర ఇంకాస్త అరుగుతుంది కాబట్టి మాటిమాటికీ పట్టకూడదని కూడా చెప్పాడు. డొంక గీతలకి పక్కల మీద ఫిల్ము బాగానే పనికొచ్చేదని ఆయనకీ అర్థమైంది. అయినా లెక్క వేరేగా వేసుకున్నాడు. పక్కల మీద పడేవి పై పొరలో గీతలు. ముందువైపు తగిలే రాయి ఇనుము దాకా వెళుతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. బానెట్, ముందు బంపరు, సైడు అద్దాల వెనక డిప్పలు, తలుపుల అంచులు, హ్యాండిళ్ల కింద గోళ్లు గీరుకునే గుంతలు. వీటికి మాత్రం వేయించాడు. 24 వేలయింది. స్వస్తిక్ తుడిచేముందు ఆవిణ్ని అడిగాడు. ‘తుడవండి. మళ్లీ దసరాకి పెట్టుకోమా?’ అంది. పసుపు మరకల సంగతి ఆయన అప్పుడు ఎత్తలేదు.

వెనక తలుపుకి పాలిష్ ఇప్పుడే వద్దన్నాడు. శివరాత్రికి మళ్లీ ఆ డొంకలోకే వెళ్లాలి.

మీటరు 640 దాటింది. బూడిదరంగు కవరు ప్రస్తుతం మేడ మీద ఉంది. ఆవిడ దాని మీద పుట్టింటి నుంచి తెచ్చిన కందులు ఎండబోసింది.